ఇంజను లేచిందన్నాడు మామ

పాకాల రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో నెలకోసారి సినిమా వేసేవాళ్లు. గోడకు తెల్లదుప్పటి, గడగడలాడే ప్రొజెక్టరు, ముందు చాపల మీద మేం పిల్లలం. ఒకసారి ఎవరు తెప్పించారో గాని, నలుపు తెలుపు ఇంగ్లీషు యుద్ధం సినిమా వచ్చింది. అందులో అంతా రైళ్లేనని తెలిసి, ఇంజన్ల షెడ్డులో డ్యూటీ లేని వాళ్లందరూ స్నానాలు చేసి తలలు దువ్వుకుని వచ్చారు.

మాకు అర్థమయ్యేలా కథ చెప్పింది మామ. మామంటే మా నాయన నడిపే ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్. గూడూరు మనిషి. చర్చిలో వాక్యం చదివి చదివి గొంతు బాగా సాగింది. ఫ్రాన్సును పట్టుకున్న జర్మనీవాళ్లు ఓడిపోయే ముందు, ఆ దేశపు గొప్ప చిత్రపటాలన్నీ పెట్టెల్లో సర్ది రైలుకెక్కించి తోలుకుపోబోతున్నారు. ఆ రైలు సరిహద్దు దాటకూడదని అక్కడి రైల్వేవాళ్లు రహస్యంగా ఏకమయ్యారు. కథ అదే.

మా షెడ్డువాళ్లకు పటాల గోల పట్టలేదు. "స్టీము ఎంత ఉండాదో సూడప్పా" అని ఒకరంటే, "ఆ పొగ అట్లొస్తే బొగ్గు మంచిది కాదు" అని ఇంకొకరు. తెర మీద ముసలి డ్రైవరు నూనె గొట్టంలో చిల్లర నాణేలు వేసి ఇంజను చెడగొట్టాడు. దేశం కోసం చేశాడని చప్పట్లు కొట్టాల్సిన చోట మావాళ్లు "పాపిష్టోడు" అన్నారు.

వాళ్లను తప్పుపట్టలేను. ఆ రోజుల్లో ఒక ఇంజను ఒక డ్రైవరు చేతికిందే ఉండేది. నాయన తన ఇంజను ఇత్తడిని తానే తుడిచేవాడు, ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు. ఆయుధపూజ నాడు మా గడపకంటే ముందు దానికే బొట్టు. అమ్మ దాన్ని సవతి అనేది, పసుపు కుంకుమలు మాత్రం తానే పొట్లం కట్టి పంపేది.

ఇంతలో సినిమాలో కావాలనే ఒక ఇంజనును ఇంకోదాని మీదికి వదిలారు. గుద్దుకుని పక్కకు ఒరిగింది, ఆవిరి బుస్సుమంటూ పోతోంది. నాయన లేచాడు. నా చెయ్యి పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చాడు. సగం సినిమా పోయిందని నేను దారంతా రాగం తీస్తే మొట్టికాయ కూడా పడింది.

ఆ రాత్రి నాయన అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. "అట్ల పడేసినారే. పొద్దున నేనెట్ల ఎక్కేది దాన్ని?" అని అమ్మను అడిగాడు. అమ్మకు భయమేసింది. సినిమా చూసి బడి ఎగ్గొట్టే పిల్లల్ని చూశాం గాని డ్యూటీ ఎగ్గొట్టే డ్రైవరును ఎక్కడా చూడలేదు.

పొద్దున్నే మామ మా గుమ్మంలోకి వచ్చాడు. నాయన చొక్కా అయినా వేసుకోలేదు.

"నువ్వు తొందరపడి లేసొచ్చినావన్నా. కడాకు క్రేన్ తెచ్చి లేపినారు. బాగు జేసి, పటాల బండి ఆ ఇంజనుకే తగిలించి వెనక్కి తెచ్చినారు."

"నిజంగానా?"

"నేను సూసినా గదన్నా."

నాయన క్యారియరు తీసుకుని అతని వెంట వెళ్లాడు.

తర్వాత ఆ కథ మా ఇంటి కథ అయిపోయింది. వచ్చిన చుట్టాలకల్లా చెప్పేవాడు. ఆవిరి ఇంజన్లు పోయి, తనదాన్ని పాతసామాను కింద కోసేసిన రోజు నాయన షెడ్డు వైపు పోలేదు. అప్పట్నుంచి ఇంకా ఎక్కువ చెప్పేవాడు. ఆ ఒక్క ఇంజనైనా లేచి తిరిగిందన్న తృప్తి ఆయనకు.

ఇప్పుడు తిరుపతిలో నా దగ్గరే ఉంటున్నాడు. మొన్న నా కూతురు ఆ సినిమాను టీవీలో వెతికి పట్టింది. అంతకు వారం ముందే నేను ఫోనులో చివరిదాకా చూశాను. అందులో క్రేను రాదు.

"నెట్ రావట్లేదు నాయనా" అన్నాను.

"వచ్చేదాక కూసుంటా" అన్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని మరీ కూర్చున్నాడు. ఇక తప్పక సినిమా పెట్టాను.

ఇంజను ఒరిగిన చోట కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు గాని ఈసారి లేవలేదు. "ఇప్పుడొస్తాది సూడు క్రేను" అని మనవరాలికి చెప్పాడు. సినిమా నడిచింది, అందులో మనుషులు ఒక్కొక్కరే చచ్చిపోయారు, క్రేను రాలేదు. చివర్న పట్టాల పక్కన పటాల పెట్టెలు, వాటి పక్కనే తుపాకులతో కాల్చేసిన మనుషులు.

"పెట్టెల్లో ఏముండాదో తెరిసి కూడా సూడలేదే ఈళ్లు. సూడకుండానే పోయినారు" అన్నాడు నాయన. నా వైపు తిరిగి, "వానికి ఫోను చెయ్" అన్నాడు.

గూడూరుకు ఫోను కలిపి, మామకు చెవులు సరిగా వినపడవని స్పీకరులో పెట్టాను.

"ఏమబ్బా, ఇంజను లేసిందని చెప్తివే. ఇప్పుడు సూసినా. లేయలేదు."

అటువైపు దగ్గు వినిపించింది. "లేయలేదన్నా."

"మరి ఎందుకు చెప్తివి?"

"నువ్వు డ్యూటీ ఎక్కకుంటే నన్ను ఇంకొకరి బండికి ఏస్తారు గదన్నా. నాకు నీతోనే పోవాలని ఉండె."

టీవీలో పేర్లు కూడా అయిపోయాయి. నాకు ఏడుపు ఆగలేదు. నా కూతురు నన్నూ తాతనూ మార్చి మార్చి చూసింది.

"ఆదివారం చర్చి అయినాక యాడికీ పోవద్దు" అన్నాడు నాయన చివరికి. "నేను వస్తాండా."