శరభయ్య గారి దొంగాట

శరభయ్య గారు దొంగాట ఆడతారు. అమలాపురంలో ఆ వీధి ఈ చివర్నించి ఆ చివరిదాకా ఎవర్నడిగినా ముందు ఈ మాటే చెబుతారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, వేదం చదువుకున్న వారు. కూరలమ్మాయి పొరపాటున ఒక వంకాయ ఎక్కువ తూచేసిందని నిప్పులు చెరిగే ఎండలో వెనక్కి వెళ్ళి ఇచ్చొచ్చిన మహానుభావుడు. అలాంటాయన వైకుంఠపాళి పటం ముందు కూర్చున్నారంటే ఐదేళ్ళ పిల్లని కూడా నిలువునా ముంచేస్తారు. సిగ్గూ లేదు, మొహమాటమూ లేదు.

ఎదటివాడు గవ్వలు వెయ్యగానే తాటాకు విసనకర్రతో ఒక్క విసురు విసురుతారు. ఐదు పడ్డది కాస్తా రెండైపోతుంది. ఎవరైనా పెద్ద నిచ్చెన ఎక్కబోతే ఆయనకి తుమ్మొస్తుంది. ఆ తుమ్ముకి పటం మీద కాయలన్నీ రావులపాలెం పోయి పడతాయి. అందరికీ చింతపిక్కలూ గాజుముక్కలూ కాయలైతే ఆయన కాయ మాత్రం వక్క. మరీ ఓడిపోయేలా ఉంటే ఆ వక్క తీసి నోట్లో వేసుకుంటారు.

"తాతగారూ, మీ కాయేదండీ?"

"ఏం కాయరా?"

"ఇప్పుడే నమిలేసేరు! అదిగో, ఇంకా నములుతున్నారు!"

"కాయ పోయినవాడు ఓడిపోయినట్టని ఏ శాస్త్రంలో ఉంది? పట్టు గవ్వలు. మళ్ళీ మొదట్నించీ."

ఇంత దొంగ చేతిలో సీతారత్నం తన ముగ్గురు పిల్లల్నీ పెట్టిందంటే, ఆవిడ ఎంత దిక్కు తోచక పెట్టిందో చెప్పుకోవాలి.

1979 వేసవి. భర్త కేశవరావు కాలవల మీద వర్క్ ఇన్‌స్పెక్టరు. లోకమంతా వేసవిలో ఇంటిపట్టున ఉంటే, ఆయన ఉద్యోగం సరిగ్గా అప్పుడే మొదలు. కాలవలు కట్టేశాకే కదా మరమ్మతులు! మలికిపురం వైపు వెళ్ళిన మనిషి మళ్ళీ నీళ్ళు వదిలాకే ఇంటి గుమ్మం చూస్తాడు. సీతారత్నానికి టెలిఫోన్ ఎక్స్చేంజిలో తొమ్మిది నుంచి నాలుగు దాకా డ్యూటీ. అదీ టెంపరరీ. "ఇంకొక్క సెలవడిగేరంటే మళ్ళీ రానక్కర్లేదండీ," అని సూపర్‌వైజరు ఎంతో మర్యాదగా చెప్పేశాడు. ఏటా పిల్లల్ని చూసుకునే తల్లి ఉప్పలగుప్తంలో నూతి దగ్గర జారిపడి కాలికి కట్టు కట్టించుకుంది.

బడికి సెలవులిచ్చిన మొదటి రోజే కొత్తావకాయ జాడీ బద్దలైంది. ఇల్లంతా ఎర్రబడి, హత్య జరిగిన చోటులా ఉంది. రెండో రోజు బొంబాయి ట్రంకు కాల్ కలుపుతుండగా రైసుమిల్లు గంగరాజు లైన్లోకొచ్చాడు.

"అమ్మా, మీ రమణ మా కొబ్బరిచెట్టు సగందాకా ఎక్కేడండి."

"దిగమనండి బాబూ!"

"ఎక్కడమే నేర్చుకున్నాడటండి. దిగటం రాదంటున్నాడు."

ఆ కంగారులో బొంబాయి సేటుకి గంగరాజునీ, గంగరాజుకి సేటునీ కలిపేసింది. వాళ్ళిద్దరూ కొబ్బరిచెట్టు గురించి చెరో భాషలో ఆరు నిమిషాలు మాట్లాడుకున్నారు.

నవ్వుకోడానికి ఇవన్నీ బాగానే ఉంటాయి. మూడో రోజు మాత్రం ఆవిడకి నవ్వు రాలేదు. ముగ్గురూ ఎండిన కాలవలో పీతల కోసం దిగారు. కాలవ ఎండినా లాకుల కింద గుంటల్లో పీకల్లోతు నీళ్ళుంటాయి. పెద్దపిల్ల సత్యవతి చాలా గొప్పగా చెప్పింది: "బుజ్జి బురదలో నడుందాకా దిగిపోయిందమ్మా. నేనే జుట్టు పట్టుకు లాగేను."

సీతారత్నం ఆ సాయంత్రం పొయ్యి వెలిగించలేదు. బుజ్జి జుట్టులో బురద కడుగుతూనే ఉంది. తర్వాత కాగితం తీసి రాజీనామా రాసేసింది. ఉద్యోగం పోతే ఇల్లు గడవదు, ఉంటే పిల్లలు దక్కరు. ఎటు చూసినా గోడే.

పొద్దున్నే ఆ కాగితం పట్టుకుని బయల్దేరుతుంటే ఎదురింటి అరుగు మీంచి శరభయ్య గారు పిలిచారు.

"ఏమ్మా, పిల్లల్నిలా పంపు. ఆటకి మనుషులు చాలట్లేదు."

వద్దని వీధంతా కళ్ళతోనే చెప్పింది. కానీ గతిలేనివాళ్ళకి ఎంపికలుంటాయా? పంపింది. రాజీనామా రేపిద్దాంలే అనుకుంది.

మర్నాటినుంచి ఇంకో రకం నరకం. సాయంత్రం ఇల్లు చేరేసరికి గుమ్మంలోనే మూడు గొంతులు.

"నూటపాతిక దాకా ఎక్కేనమ్మా, తాతగారు తుమ్మేరు!"

"నా గాజుముక్క మీద కూర్చున్నారమ్మా, లెమ్మంటే నడుం నొప్పన్నారు!"

"ఇంతకీ ఎవరు గెలిచేరే?"

"ఎవరూ లేదు. ఆట ఇంకా అవలేదు."

పదిహేను రోజులైనా ఆట అవలేదు. ఆదివారం మధ్యాహ్నం బుజ్జి నిద్దట్లో "దొంగ! దొంగ!" అని అరిస్తే పక్కింటివాళ్ళు కర్రలు పుచ్చుకుని పరిగెత్తుకొచ్చారు. రమణ కళ్ళు వాచేలా ఏడ్చి, చివరికి తేల్చి చెప్పేశాడు: "రేప్పొద్దున్న ఒక్కసారి వెళ్తాను. అప్పుడు కూడా మోసం చేసేరో, ఇంక వెళ్ళను. కాలవలోకి పోతాను."

కాలవ మాట వినగానే సీతారత్నం దాచిపెట్టిన రాజీనామా కాగితం మళ్ళీ బయటికి తీసింది. చిన్నపిల్లల్ని ఏడిపించే ఈ పెద్దమనిషిని నాలుగు దులిపేసి, రాజీనామా కూడా ఇచ్చేసి, ముగ్గుర్నీ నులకమంచానికి కట్టేసి కాపలా కూర్చుందామని నిశ్చయించుకుంది. మర్నాడు భోజనం టైములో ఎక్స్చేంజి నుంచి గబగబా వచ్చి శరభయ్య గారి గుమ్మం దగ్గర ఆగింది.

సావిట్లో పటం ముందు ఆయనొక్కరే ఉన్నారు. పిల్లలు పెరట్లో ముంజలు తింటున్నారు. ఆయన వక్క వైకుంఠానికి ఒక్క గడి దూరంలో ఉంది. దాని వెనకే రమణ చింతపిక్క. శరభయ్య గారు గోడ గడియారం వంక చూశారు. పెరటి వంక చూశారు. తన వక్క తీసుకెళ్ళి పెద్దపాము నోట్లో పెట్టేశారు. కాస్త ఆలోచించి రమణ పిక్కని కూడా మూడు వరసలు కిందికి దింపారు.

వంటింటి గుమ్మంలోంచి ఆయన భార్య శ్యామలాంబ గారు బుగ్గలు నొక్కుకున్నారు.

"గెలిచే ఆటకి కూడా దొంగాటేనుటండీ?"

"గెలిస్తే ఆటైపోదుటే? ఇంకా ఒంటిగంటన్నరే. వాళ్ళమ్మొచ్చేది నాలుక్కి. మధ్యలో ఆటైపోతే ఎక్కడుంటారు వీళ్ళు? లాకుల కింద."

"ఆ రమణ ఏడుస్తున్నాడు పాపం."

"ఏడవనీ. ఓడిపోయి ఏడ్చినవాడు ఇంటికి పోతాడు. మోసపోయి ఏడ్చినవాడు మళ్ళీ వస్తాడు."

"మరి మీ సంధ్యావందనం రోజురోజుకీ అలా పెరిగిపోతోందేం?"

"మోసానికి నూట ఎనిమిది గాయత్రి చొప్పున చేసుకుంటున్నానే. మొన్న శనివారం ఇరవై రెండు మోసాలు. నాలిక పిడచకట్టుకుపోతోంది. ఆ తుమ్ములు కాస్త తగ్గించుకోవాలి."

గుమ్మంలో సీతారత్నం దులుపుదామని తెచ్చుకున్న నాలుగు మాటలూ మింగేసింది. ఈలోగా ముంజలు తిన్న చేతుల్తో రమణ వచ్చి పటం చూసి గావుకేక పెట్టాడు.

"నా పిక్క ఇక్కడ లేదు! అమ్మా, చూసేవా? నేనింక రాను. పోతున్నాను కాలవలోకి!"

నిజం చెబితే ఆట పోతుంది. చెప్పకపోతే పిల్లాడు పోతాడు. సీతారత్నం నడుం మీద చేతులేసుకుంది.

"చూసేన్రా. నా కళ్ళతో చూసేను. ఈ పంతులు గారు దొంగాటే ఆడుతున్నారు!"

శరభయ్య గారి మొహం పాలిపోయింది.

"ఇంత దొంగని వదిలేసి పీతలు పట్టుకోడానికెళ్తావా? సిగ్గు లేదూ? నే డ్యూటీకెళ్ళగానే వచ్చి కూర్చో. నాలుక్కి నేనొచ్చేదాకా కన్నార్పకు. ఎన్నాళ్ళు చేస్తారో చూద్దాం!"

"చేతులు పైకెట్టండి తాతగారూ," అన్నాడు రమణ, బాసింపట్టు వేసుకుని కూర్చుంటూ. "ఆ విసనకర్రిటివ్వండి."

శరభయ్య గారు బుద్ధిగా విసనకర్ర ఇచ్చేసి, సీతారత్నం వంక చూశారు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటున్నట్టు నవ్వు దాచుకుంది.

"ఇంతకీ ఈ ఆట ఎప్పటికి తేలుద్దండీ పంతులు గారూ?"

"జూన్ పదమూడుకి తేలుతుందమ్మా," అన్నారాయన గొంతు తగ్గించి. "బడిగంటకి పావుగంట ముందు."