మేడమ్ కళ్ళు తెరిచినచోట

మా గైడు మేడమ్‌ను విద్యార్థులందరం నిద్రమేడమ్ అనేవాళ్ళం. ముఖం మీద కాదనుకోండి. మిగతా గైడులు పీహెచ్‌డీ పిల్లల రాతల్ని ఎర్రసిరాతో దిద్దుతారు. ఈవిడ కలం ముట్టదు. రాసుకొచ్చిన అధ్యాయాన్ని మనమే పైకి చదవాలి. ఆవిడ కిటికీ పక్క పేము కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, "ఊఁ, చదువు" అంటుంది. ఎక్కడ కళ్ళు తెరిస్తే అక్కడ తప్పున్నట్టు. ఏం తప్పో చెప్పదు. అది వెతుక్కోవడం మన ఖర్మ.

ఒకసారి మా సీనియర్ చదువుతుంటే ఆవిడ సన్నగా గురక పెట్టిందట. పని తొందరగా తెములుతుందని వాడు మెల్లగా ఒక పేజీ దాటేశాడు. టక్కున కళ్ళు తెరిచింది. వాడు తేలుకుట్టిన దొంగలా వెనక్కి వెళ్ళి ఆ పేజీ చదివాడు. మళ్ళీ గురక.

మేడమ్ భర్తకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. మేం వెళితే అద్దాలు తుడుస్తూ అనేవారు, "చూశారా అమ్మా, ఊళ్ళోవాళ్ళ కళ్ళు తెరిపించేది నేను. మూసుకుని జీతం తీసుకునేది మా ఆవిడ."

మా పరిశోధన పాతగోడల మీద మొలిచే నాచు గురించి. మేడమ్ గది నిండా మూతపెట్టిన గాజు గిన్నెలు, వాటిలో నాచు. ఉదయం కిటికీలోంచి వచ్చే వెలుగు గిన్నెల మీదుగా పాకి, గోడల మీద పచ్చగా కదులుతూ ఉండేది. అక్కడ కూర్చుంటే నీళ్ళ అడుగున కలగంటున్నట్టుండేది. ఎండిన నాచు నల్లటి పెచ్చులా, చచ్చిందో బతికిందో తెలియకుండా నెలల తరబడి పడి ఉంటుంది. కాస్త తేమ తగిలితే ఒళ్ళు విరుచుకుని పచ్చబడుతుంది. ఆ మేలుకోవడం ఎక్కడ మొదలవుతుంది? మంచు నాచు ఆకుల కొసల మీద పడుతుంది కాబట్టి కొసనుంచేనని మేడమ్ తన చిన్న వయసులోనే తేల్చింది. ఆ మాటతోనే ఆవిడకు పేరొచ్చింది. అది పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కింది.

నేను వెంట్రుకంత సన్నటి తీగలు గోడ మీది నాచు అడుగున దూర్చి తేమ కొలిచాను. మంచు పడకముందే గోడలోని చెమ్మ పైకెక్కుతోంది. నాచు అడుగునుంచి మేలుకుంటోంది. అంటే మేడమ్ తేల్చింది తప్పన్నమాట. తీగలు మార్చాను. గోడ మార్చాను. ఆఖరికి కాలమే మారింది. జవాబు మాత్రం మారలేదు. రాసి చదివేదాకా మేడమ్ ఏమీ అడగదు. కాబట్టి ఆవిడకు తెలియదు.

పైగా ఆ ఏడే విశ్వవిద్యాలయం ఉత్తమ గైడుకిచ్చే సన్మానానికి ఆవిడ పేరు పరిశీలిస్తున్నారు.

"తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావే" అంది నా గదిలో ఉండే స్నేహితురాలు. "ఆవిడ సంతకం పెట్టకపోతే నీ డాక్టరేట్ గంగలో కలిసినట్టే. ఆ ఒక్క అధ్యాయం తీసెయ్."

"అది తీసేస్తే ఇన్నేళ్ళ నా చదువులో మిగిలేది నాచే" అన్నాను. కోపంగానే అన్నాను కానీ, లోపల భయం.

మర్నాడు మేడమ్ ఎదురుగా కూర్చున్నాను. కళ్ళు మూసుకుంది. "ఊఁ, చదువు."

చదివాను. బయట మంచు ఇంకా విడలేదు. నా గొంతు నాకే ఎక్కడో దూరంగా వినిపిస్తోంది. కొసనుంచి కాదు, అడుగునుంచి అన్న వాక్యం వచ్చింది. కళ్ళు తెరుచుకోలేదు. పాత నిర్ధారణ నిలవదన్న వాక్యం వచ్చింది. తెరుచుకోలేదు. ఈసారి నిజంగానే నిద్రపోయిందనుకుని ఆగిపోయాను.

"ఆగావేం?"

"మేడమ్... మీరు చెప్పింది తప్పని చదివాను."

"విన్నాను. నువ్వు చదివినదాంట్లో తప్పుంటే చెప్పు, కళ్ళు తెరుస్తాను."

ఆవిడ కళ్ళు మూసుకునే చెయ్యి చాచి పక్కనున్న గిన్నె మూత తీసి, నాచును వేలితో నిమిరింది. "ఇన్నేళ్ళూ కొసలే చూశాను తల్లీ. ఒక్కసారి కిందికి వంగి చూడలేదు" అంది. ఆ గొంతులో బాధ ఉంది. దాన్ని దాచుకోవాలని కూడా ఆవిడ అనుకోలేదు. తర్వాత, "ఊఁ, చదువు" అంది. అధ్యాయం పూర్తయ్యాక సంతకం పెట్టింది.

ఆ ఏడు ఉత్తమ పరిశోధన సన్మానం నాకు, ఉత్తమ గైడు సన్మానం ఆవిడకు వచ్చాయి. ఒకే వేదిక. నాది ముందే అయిపోవడంతో వచ్చి మేడమ్ భర్త పక్కన కూర్చున్నాను. వెనక వరసల నిండా ఆవిడ పాత విద్యార్థులు. వేదిక మీద మేడమ్ మెడలో దండతో, కళ్ళు మూసుకుని కూర్చుంది. ఒక అధికారి ప్రశంసాపత్రం చదువుతున్నాడు. పాపం, రెండు సన్మానాల కాగితాలనూ ఆయన పక్కపక్కన పెట్టి చూసినట్టు లేడు.

"...ఎండిన నాచు కొసనుంచే మేలుకుంటుందని తిరుగులేకుండా నిరూపించిన..."

మేడమ్ కళ్ళు తెరిచింది.

వెనక వరసల్లో గొల్లున నవ్వు. అధికారి తెల్లబోయి తన చొక్కా గుండీలు చూసుకున్నాడు.

"ఇన్నాళ్ళలో మొదటిసారి తప్పేమిటో చెప్పబోతోంది, చూడమ్మా" అన్నారు ఆమె భర్త నా చెవిలో.

మేడమ్ ముందుకు వంగింది. "కొస కాదు బాబూ, అడుగు. నేను పొరబడ్డాను. మా అమ్మాయి సరిదిద్దింది."

నేను ఏడుస్తున్నానని మేడమ్ భర్త జేబురుమాలు ఇచ్చాకే నాకు తెలిసింది.

ఆవిడ తీరిగ్గా వెనక్కి వాలి, కళ్ళు మూసుకుంది.

"ఊఁ, చదవండి."