పాతరలోకి దించిన లాంతరు

దయ్యాలున్నాయనే వాళ్లతో జన్మంతా పోట్లాడిన మనిషిని నేను. బడి గడప తొక్కకుండా, పఠన మందిరంలో పుస్తకాలు తిరగేసి చదువు నేర్చుకున్నవాణ్ణి. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. కానీ ఆ రోజు నా చేతిలో తాడు కదిలింది. అది అబద్ధమని మాత్రం అనలేను.

యుద్ధం నడుస్తున్న రోజులు. గురజాల దగ్గర మా ఊరి పఠన మందిరంలో ఊరి చరిత్ర చెప్పే చిన్న మ్యూజియం పెట్టాలనుకున్నాం. ఏ వస్తువు ఎక్కడుంచాలి, బడిపిల్లలకు ఏ పాఠం చెప్పాలి అన్నది చూసే పని నాది. దుర్గి శిల్పులు చెక్కిన రాతిబొమ్మలు, పాత నాగళ్లు సమకూర్చాను. అన్నిటికన్నా ముఖ్యమైంది మందిరం పెరట్లో జొన్నలు దాచిన పాత పాతర. రెండు నిలువుల లోతు గొయ్యి, పైన ఇరుకు మూతి.

మూసి ఉంచిన పాతరలో గాలి ప్రాణం తీస్తుంది. ముందు లాంతరు దించాలి. అది ఆరకపోతేనే మనిషి దిగాలి. పిల్లలకు నేను చెప్పదలచిన పాఠం అదే.

నా చిన్నప్పటి కరువులో, ఆ చోటు ఇంకా కామందుదిగా ఉన్నప్పుడు, లాంతరు దించకుండానే పాలేరు లింగయ్యను నడుముకు తాడు కట్టి ఈ పాతరలోకే దింపారు. ఊపిరాడక తాడు గుంజాడు. “గంప నిండిందాకా లాగొద్దురా” అన్నాడు కామందు. తాడు పట్టుకున్నవాళ్లే తర్వాత ఏడుస్తూ చెప్పారు. చివరికి లాగింది శవాన్ని.

ఆ కామందు కొడుకే మా మందిరానికి అధ్యక్షుడు. నేను బోర్డు మీద లింగయ్య పేరు రాస్తే సున్నం కొట్టించాడు.

“పిల్లకాయలకు చావు కబుర్లెందుకురా? కరువులో మా నాయన జొన్నలు పంచిన పాతరని రాయి.”

పంచాడట! ఆ జొన్నలకు బదులు మా నాయన చేత ఏళ్లతరబడి చాకిరీ చేయించుకున్నాడు.

పాఠం మొదలయ్యే రోజు పొద్దున లింగయ్య భార్య కోటమ్మ వచ్చి పెరటి గుమ్మంలో నిలబడింది. “ఆస్తులడగటంలా అయ్యా. ఆయన పేరొక్కటి ఉండనీ” అంది.

“చానా చూశాంలే, పోవే” అన్నాడు అధ్యక్షుడు. ఆమె కదల్లేదు.

పిల్లలను దూరంగా కూర్చోబెట్టి లాంతరు దించాను. చక్కగా వెలుగుతోంది. అంతలో తాడు గుంజింది. ఆగి, మళ్లీ గుంజింది. తొంగిచూశాను. అడుగుకు తగలకుండా లాంతరు ఊరికే వేలాడుతోంది.

“ఏందిరా ఆ వాలకం? జడుసుకున్నావా?” అని నవ్వుతూ అధ్యక్షుడు కూడా తాడు పట్టుకున్నాడు. ఆ నవ్వు అక్కడే ఆగింది. “ఒరేయ్, లోపల ఎవడ్రా?”

గుమ్మంలోంచి కోటమ్మ అంది: “లాగమంటన్నాడయ్యా. ఇప్పుడన్నా లాగండి.”

ఇద్దరం లాగాం. నిండు మనిషి బరువు. లాంతరుకు అంత ఆయాసమేందని పిల్లలు నవ్వారు. అధ్యక్షుడి అరచేతుల తోలు లేచింది. మూతి దాకా వచ్చింది లాంతరే. ఆరలేదు కూడా.

మర్నాడే ఆయన పాతరను రాళ్లతో పూడ్పించాడు. మ్యూజియం అంతటితో సరి. అంత భయపడ్డవాడు ఆ పేరు మాత్రం రాయనీయలేదు, చూడండి!

తాడు మెలిక విప్పుకుందేమో, మూతి రాయికి ఒరుసుకుందేమో అని ఎన్నో రకాలుగా ఆలోచించాను. ఏదీ అతకలేదు. లాంతరు బరువెంతో నాకు తెలుసు. ఆ పొద్దున మేం లాగిన బరువేమిటో ఇప్పటికీ తెలియదు. ఆ పాతరలో పోయినవాడి పేరు మాత్రం తెలుసు. లింగయ్య.