గుల్ల మీద గుంటలు

మా మామగారు దర్జీ. చిరుగు ఎక్కడ పడిందో బట్ట తెచ్చినవాళ్లే వెతుక్కునేలా రఫ్ఫు చేస్తానని ఆయనకు మహా గర్వం. అంతటి మనిషి మా ఇంటి అక్వేరియంలోని నత్త దగ్గర తడబడ్డారు.

నత్త గుల్ల తెల్లబారి గుంటలు పడింది. చేపల కొట్టాయన, "క్యాల్షియం చాలట్లేదండీ, కాస్త సుద్ద వేయండి" అన్నాడట. ఈయనకు తెలిసిన సుద్ద ఒక్కటే, బట్ట మీద గీతలు గీసేది. ఆ బిళ్లే నీళ్లలో వేశారు. మైనం కలిసిన బిళ్ల కరిగితేగా?

అత్తయ్య తల పట్టుకుని దాన్ని తీసేశారు. కోడిగుడ్డు పెంకులు ఉడకబెట్టి, పొడి చేసి వేస్తూ వచ్చారు.

రెండు నెలలకు గుల్ల అంచున కొత్త భాగం నున్నగా పెరిగింది. పాత గుంటలు మాత్రం పోలేదు.

"అవి పూడవా మామయ్యా?"

"పూడవటమ్మా. వాటితోనే తిరుగుతుందట."

ఆయన భూతద్దం పట్టుకుని చాలాసేపు చూశారు.

మర్నాడు ఒకావిడ చిరిగిన కోటు తెచ్చి, కుట్టు కనిపించకూడదంది. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆయన అడిగారు:

"కనిపిస్తే ఏమవుతుందమ్మా?"