దొరగారి స్కూల్లో గుంటూరు మాస్టారు

ఈ సాయంత్రం ఇక్కడ గల్ఫులో, మేముండే మదీనత్ ఖలీఫా పేటలో మా పిల్లల స్కూలు మీటింగ్‌కి వెళ్ళాం. స్కూలు దిగజారిపోతోందని, తెల్ల టీచర్లు మన పిల్లల్ని వెనక బెంచీల్లోకి నెడుతున్నారని ఇంజినీరు రావు గారు బల్ల గుద్ది మరీ అరిచారు. మేమంతా చప్పట్లు కొట్టాం. ప్రిన్సిపాల్ దొర బెదిరిపోయి, వచ్చే వారం గుంటూరు నుంచి లెక్కల మాస్టారు వస్తున్నారని ప్రకటించాడు.

రావు గారి మొహం మాడిపోయింది. "ఇంత ఫీజు పోసేది గుంటూరు మాస్టారి కోసమాండీ?" అన్నారు మావైపు తిరిగి.

పక్కనున్న హైదరాబాదీ కరీం భాయ్ అడిగాడు: "అన్నా, మరి నువ్వేడికెల్లి వచ్చినవ్?"

"గుంటూరే! అందుకే చెప్తున్నా."

మా తెలుగువాళ్ళ వరసంతా పగలబడి నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారని దొర నన్నడిగాడు. రేపు చెప్తానన్నాను. దీన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో మీకెవరికైనా తెలిస్తే కాస్త పుణ్యం కట్టుకోండి.