సంఘ గోత్రం

మా రోమ్ మాస్టారు పోయారు. యుద్ధం ముగిశాక మళ్ళీ కువైట్ వచ్చి, మంగఫ్‌లో మా పాత బిల్డింగు మెట్ల దగ్గర సంచీ దించానో లేదో, కాపలా ఉండే ఈజిప్టు ముసలాయన ఆ కబురు చెప్పాడు. ఇరాక్ సైన్యం ఇంకా ఉండగానే, చలికాలంలో, గుండెనొప్పితో పోయారట. ఆసుపత్రి బండి వచ్చి తీసుకెళ్ళిందట. ఆ తర్వాత ఏమైందో ఆయనకు తెలియదు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఇది రాస్తున్నప్పుడూ మండుతూనే ఉంది, కాబట్టి ఇందులో మర్యాద మాటలు వెతకొద్దు.

మాస్టారిది కోనసీమ. నా అన్నవాళ్ళు లేరు. లా కాలేజీలో రోమన్ చట్టం పాఠం చెప్పి, ఆ కాలేజీ మూతబడితే ఇక్కడికొచ్చి కంపెనీలో హాజరు వేసే గుమాస్తా అయ్యారు. నేను రాయచోటి వాణ్ణి, దజీజ్ గోడౌన్లలో బస్తాలు మోసేవాణ్ణి. ఆయనకు ఇస్త్రీ పెట్టె లేదు. తెల్ల చొక్కా మడిచి పరుపు కింద పెట్టి పడుకునేవారు, శుక్రవారం తీసి తొడుక్కునేవారు. మిద్దె మీద పప్పు ఉడుకుతుంటే రోమ్ మొదలయ్యేది. గరిటె కొనాలన్నా మా అందరి చేత ఓటుకు చేతులెత్తించేవారు.

"రోమ్ ఎప్పుడో కూలిపాయె గదా సార్, ఈడ పప్పు మాడతాంది," అనేవాళ్ళం.

ఆయన పెట్టిందే మా సంఘం. కట్టుబాటు ఒక్కటే. ఎవరు పోయినా మిగతావాళ్ళు సొంతవాళ్ళలా నిలబడి సాగనంపాలి. రోమ్‌లో పేదలూ బానిసలూ ఇలాంటి సంఘాలే పెట్టుకునేవారట. మామూలుగా సంఘమంటే ఏలేవాళ్ళకు గిట్టదు, అనుమతి తెచ్చుకోమంటారు. కర్మకాండల సంఘాలను మాత్రం పోనిచ్చేవారట.

"చూడండి మరి," అనేవారు మాస్టారు, టీ సాసర్లోకి ఒంపుకుంటూ. "పేదోళ్ళు చచ్చినోడి కోసం కూడితే దొరకి భయం లేదండి. బతికున్నోడి కోసం కూడితేనే భయం."

అర్దియాలో ఒకింట్లో పనిచేసే మా ఊరి అక్క కూడా సంఘంలో ఉండేది. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, వదిలిన శుక్రవారం వచ్చి రసం కాచేది. ఉబ్బసం మనిషి. "నేను సస్తే యాడ పారేస్తారో సార్," అంది ఒకసారి. "పారెయ్యడానికి మేం లేమాండీ?" అని కసిరారు మాస్టారు.

ఇరాక్ సైన్యం వచ్చింది. అక్క పనిచేసే ఇంటివాళ్ళు పిల్లలతో సరిహద్దు దాటారు. ప్రాణభయం, దానికి తప్పు పట్టను. కానీ ఇంటికి కాపలాగా అక్కను లోపల ఉంచి, బయట తాళం వేసుకుని పోయారు చూడండి, దాన్ని ఏమనాలో నాకిప్పటికీ తెలియదు. మందు అయిపోయింది. పక్కింటివాళ్ళు తలుపు పగలగొట్టేసరికి అక్కలో ఊపిరి లేదు.

ఆసుపత్రికి మాస్టారూ నేనూ వెళ్ళాం. శవం ఇవ్వాలంటే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, సంతకం కావాలన్నాడు అక్కడి గుమాస్తా. ఆ కఫీల్ దేశం దాటిపోయాడు. అసలు ఆ దేశమే లేదు పొమ్మంటోంది వచ్చిన సైన్యం. బ్యాంకులు పోయాయి, పోలీసులు పోయారు, ఏలికే పోయాడు. కఫీల్ సంతకం మాత్రం చెక్కుచెదరలేదు!

"మీరు ఆమెకు ఏమవుతారు?"

"సంఘం," అన్నారు మాస్టారు.

"లైసెన్సుందా?"



ఆ సాయంత్రం మిద్దె మీద ఆయన రోమ్ సంగతి చెబితే ఎవరూ నవ్వలేదు. అక్కడ బానిస చనిపోయినప్పుడు యజమాని మొండికేసి శవం ఇవ్వకపోతే, సంఘం ఊరుకునేది కాదట. ఒక బొమ్మను పెట్టి దానికే అంత్యక్రియలు చేసేదట. "మనోళ్ళూ శవం దొరక్కపోతే దర్భలతో మనిషిని చేస్తారు కదండీ. అదే ఇది," అన్నారు. కువైట్‌లో దర్భలెక్కడివి? ఖర్జూరపు మట్టలు కోసుకొచ్చి కట్టాం. అక్క మిద్దె మీద మర్చిపోయిన తువ్వాలు కప్పాం. గోత్రం చెప్పమంటే నాకు తెలియలేదు. "సంఘ గోత్రం అనండి," అన్నారు మాస్టారు. బిల్డింగు వెనక ఇసుకలో దహనం చేశాం.

తర్వాత మనవాళ్ళను ఇండియా చేర్చడానికి బస్రా మీదుగా బస్సులు పెట్టారు. మేమంతా ఎక్కాం, మాస్టారు ఎక్కలేదు.

"రాండి సార్, ఖలాస్, ఇంగ ఈడ ఏముండాది?" అని చెయ్యి పట్టి లాగాను.

"ఆవిడ ఇంకా ఆ ఐసు గదిలోనే ఉందండి. తలుపు తీసిన రోజు మనోడొకడు ఉండాలి కదా," అన్నారు. చెయ్యి విడిపించుకున్నారు.

తలుపు ఎప్పుడు తీశారో ఎవరికీ తెలియదు. అక్కనూ మాస్టారినీ దిక్కులేని శవాల్లో కలిపి పూడ్చేసి ఉంటారన్నారు ఆసుపత్రిలో. ఎక్కడో చెప్పాలంటే కఫీల్ కాగితం తెమ్మన్నారు. మాస్టారి కఫీల్ తిరిగొచ్చాడు, ఏసీ గదిలో కూర్చుని ఉన్నాడు. "ఇఖామా ఖలాస్," అన్నాడు నాతో. ఆక్రమణలోనే నివాస అనుమతి గడువు తీరిపోయింది గనక మాస్టారు తన మనిషి కాదట. బతికినన్నాళ్ళూ ఆయన పాస్‌పోర్టు సొరుగులో పెట్టి తాళం వేసుకున్నవాడు, చచ్చాక నా మనిషి కాదంటాడా? వాడి ఇల్లు బంగారం గాను. దిక్కులేని శవమట! మాస్టారికి దిక్కుగా మేం ఇంతమందిమి ఉన్నాం. ఆ దిక్కును కాగితం మీద ఒప్పుకునేవాడే లేడు.

పాత సంఘంలో తిరిగొచ్చింది ముగ్గురం. శుక్రవారం మట్టలు కోసుకొచ్చాం. ఆయన గదిలో పరుపు ఎత్తితే తెల్ల చొక్కా అక్కడే ఉంది, మడత నలగకుండా. మట్టలకు ఆ చొక్కా తొడిగాం. ముందు చేతులెత్తాం, అది లేకపోతే ఆయన ఒప్పుకోరు. సంఘ గోత్రమని గట్టిగా చెప్పాం.

దక్షిణాన నూనె బావులు తగలబడుతున్నాయి. ఆకాశం అంచంతా మంటే, మాస్టారికి మాత్రం నిప్పు అందడం లేదు. గాలికి అగ్గిపుల్లలు ఆరిపోతున్నాయి. పట్టపగలే చీకటి కమ్మి, చొక్కా మీద మసి రాలుతోంది. మాలో ఒకడు పక్కన గొంతుక్కూర్చుని, ఇంకాసేపట్లో కాలిపోయే ఆ చొక్కాను వేళ్ళతో దులుపుతూనే ఉన్నాడు.