మూడు కేఫుల పెళ్ళిచూపులు

బాంబూఫ్లాట్ నుంచి చాథం జెట్టీకి ఫెర్రీలో ఇరవై నిమిషాలు కూడా పట్టదు. ఆ కాస్త ప్రయాణంలోనే మేం ముగ్గురం స్నేహితులమయ్యాం. పొద్దున పనులకు పోయేటప్పుడు ఒకసారి, సాయంత్రం ఇళ్ళకు వచ్చేటప్పుడు ఒకసారి, ఏళ్ళ తరబడి అదే బెంచీ. ఒకరి అత్తగారి మోకాళ్ళ నొప్పుల దగ్గర్నుంచి ఇంకొకరి ఇంట్లో కారుతున్న కుళాయి దాకా మాకు తెలియని సంగతి లేదు. అయినా ముగ్గురం ఒక బల్ల ముందు కూర్చుని భోంచేసింది మాత్రం లేదు. బోటు ఒడ్డుకు తగలడం ఆలస్యం, ఎవరి బస్సు కోసం వాళ్ళం పరుగు.

అలాంటి మేం ఒక శనివారం కేఫులు తిరగడానికి హేవ్‌లాక్ బయలుదేరాం. ఆ ద్వీపానికి స్వరాజ్ ద్వీప్ అని కొత్త పేరు పెట్టారు గానీ మా నోళ్ళు ఇంకా తిరగడం లేదు. ఇళ్ళలో సరదాగా వెళ్తున్నామని చెప్పాం. అసలు సంగతి వదిన కూతురు.

వదిన అంటే చుట్టరికం ఏమీ లేదు, బోటు వదిన. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. గోల్ ఘర్‌లో బట్టల కొట్టు నడుపుతుంది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది, మొండితనం ఆ రెండింటినీ మించింది. ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్ల హేవ్‌లాక్ బీచిలో ఆసియా వంటకాల కేఫు నడిపే కుర్రాణ్ణి చేసుకుంటానని కూర్చుంది. ఆ కుర్రాడి అమ్మ మాయాబందర్ కరెన్, అంటే ఎప్పుడో బర్మా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. నాన్నది రాంచీ. కుర్రాడు పెరిగింది హట్‌బేలో.

కులం, భాష దగ్గర వదినకు పేచీ లేదు. మా ద్వీపాల్లో అవి పట్టించుకుంటే సగం పెళ్ళిళ్ళు ఆగిపోతాయి. ఆవిడ తోడికోడలే బెంగాలీ. పేచీ అంతా సముద్రంతో.

“ఆ కేఫు వెనకాల గదే ఆడి ఇల్లంట. గుమ్మం దాకా కెరటం వొస్తాదంట. సముద్రం అవుపించే ఇంటికి నా పిల్లనివ్వను. పక్కా” అంది బోటులో ఒకరోజు.

“ద్వీపంలో పుట్టి ఆ మాటేంటి వదినా? రోజూ సముద్రం మీదే కదా తిరుగుతున్నాం” అన్నాను.

“తిరగడం వేరు, ఒడ్డున తొంగోడం వేరు” అంది. సునామీకి ముందు వదిన వాళ్ళిల్లు కూడా ఒడ్డునే ఉండేది. ఆ తర్వాత కొండ వెనక్కి మారిపోయారు. ఇప్పుడు ఇంటి కిటికీలన్నీ కొండ వైపే.

కూతురు కూడా తక్కువ తినలేదు. “నువ్వు చూసి వద్దంటే మానేస్తాను. చూడకుండా వద్దంటే మాత్రం ఊరుకోను” అంది. న్యాయమైన మాటే. కానీ పిల్ల తల్లే పెళ్ళికొడుకు గుమ్మం తొక్కితే పరువేం కావాలి? అందుకే దొంగతనంగా వెళ్ళి చూసి రావాలని వదిన తీర్మానించింది. దాంట్లో ఒక చిక్కు ఉంది. కూతురు అతని ఫొటో చూపించబోతే వదిన ముఖం తిప్పుకుంది, కేఫు పేరు చెప్పబోతే చెవులు మూసుకుంది. ఇప్పుడు అడగడానికి అభిమానం అడ్డం. కాబట్టి బీచిలో ఉన్న ఆసియా కేఫులన్నిటిలో వరుసగా తినుకుంటూ పోవాలి. ఇంత మంచి ఆపద నాకు జీవితంలో ఎప్పుడూ రాలేదు.

మా మూడో మనిషి బడిపంతులమ్మ. ఇద్దరం ఆమెను టీచర్ దీదీ అంటాం. పథకాలు వేయడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. మూడు గడ్డి టోపీలు, మూడు నల్లకళ్ళజోళ్ళు తెచ్చింది. “మనం విజయవాడ నుంచి వచ్చిన టూరిస్టులం. గుర్తుంచుకోండి” అని బోటులో రెండుసార్లు పాఠం అప్పచెప్పించుకుంది.

మొదటి కేఫులో కుర్చీలకు బదులు ఉయ్యాలలు. నా కాళ్ళు నేలకు అందక మెనూ చదువుతూ ఊగుతూనే ఉన్నాను. కొబ్బరి చిప్పలో మెత్తగా నలిపిన అరటిపండు, దాని మీద ఏవో గింజలు, రెండు మందార రేకులు పెట్టి తెచ్చారు.

“జొరం వొచ్చినోడి తిండికి పువ్వులెట్టినారు” అంది వదిన.

టీచర్ దీదీ అసలైన టూరిస్టులా అవకాడో టోస్టు అడిగింది. లేదన్నాడు వడ్డించే అతను. వెంటనే వదిన, టోపీ సర్దుకుంటూ, “క్యోం భయ్యా, జహాజ్ నహీ ఆయా క్యా?” అంది.

దీదీ బల్ల కింద నా కాలు తొక్కింది. తొక్కాల్సింది వదిన కాలు. మా దగ్గర ఉల్లిపాయ దగ్గర్నుంచి అగ్గిపెట్టె దాకా ఓడ మీద రావాల్సిందే. కొట్లో ఏది లేదన్నా ఓడ రాలేదా అని అడగడం మాకు ఊపిరి పీల్చుకున్నంత అలవాటు. విజయవాడ నుంచి వచ్చిన మనిషి ఏ జన్మలోనూ అడగని ప్రశ్న అది. అతను మా టోపీలు, మా ముఖాలు ఒకసారి పరికించి చూసి, “సోమవారం వస్తుంది దీదీ” అని హిందీలో నవ్వుతూ చెప్పి వెళ్ళాడు. వంటగదిలో ఉన్నది బెంగాలీ భార్యాభర్తలని తేలింది. లేచాం.

రెండో కేఫు నిండా ఎర్ర కాగితపు లాంతర్లు. సుషీ తెప్పించాం. చద్దన్నం ముద్దని నల్లటి ఆకులో చుట్టి, చక్రాలుగా కోసినట్టు ఉంది. పచ్చి చేప కాదులెండి, ఉడికించిందే. నాకు నచ్చింది. దీదీ ఆ రెండు పుల్లలతో తినడానికి కాసేపు కుస్తీ పట్టి, చివరికి ఒకటి జడలో గుచ్చుకుని చేత్తో తినేసింది. ఇంతలో వంటగదిలోంచి ఒక మనిషి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, నెరిసిన జుట్టు, పిలక. ఎలా ఉందండీ అని ఇంగ్లీషులో అడిగాడు.

వదిన ముఖంలో నెత్తురు చుక్క లేదు. “ఈడేటి? ఈడైతే నాను ఇక్కడే ఈ నీళ్ళల్లో దూకీస్తాను” అంది పళ్ళ బిగువున.

తన భార్య ముంబైలో ఉంటుందని, కొడుకు కాలేజీలో చదువుతున్నాడని ఆయనే చెప్పాడు. వదిన ఎంత ఊరట పొందిందంటే, ఇంకో ప్లేటు తెమ్మంది. అదీ మేమే తినాల్సి వచ్చింది.

మూడో కేఫు బీచి చివర్న ఉంది. రేకుల కప్పు, ఆరు బల్లలు, అంతే. నూనెలో వేగుతున్న వెల్లుల్లి వాసన రోడ్డు దాకా వస్తోంది. కంఠం దాకా తిని ఉన్నా నాకు మళ్ళీ ఆకలేసింది. అబద్ధమెందుకు, నేను అలాంటి మనిషినే. పలక మీద సుద్దతో నాలుగే వంటకాలు రాసి ఉన్నాయి. ఏప్రన్ కట్టుకున్న సన్నటి కుర్రాడు వచ్చి నిలబడ్డాడు. చిన్న కళ్ళు, ముంజేతుల మీద నూనె చిట్లిన మచ్చలు. మేం ముగ్గురం తెలుగులో గుసగుసలాడుకోవడం విని, “కూకోండి ఆంటీ, ఖావ్ సూయ్ బాగుంటాది, తెచ్చీమంటారా?” అన్నాడు.

అచ్చం వదిన ఇంటి యాస. ఇంత తెలుగు ఎక్కడ నేర్చుకున్నావు బాబూ అని దీదీ అడిగితే, “థోడా థోడా... ఒకరు నేర్పినారు” అని చెవులదాకా ఎర్రబడి లోపలికి పారిపోయాడు. ఇక చెప్పేదేముంది. వదిన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. అతని వీపు వైపే చూస్తోంది.

మూడు గిన్నెలొచ్చాయి. వేడి కొబ్బరిపాల పులుసులో నూడుల్సు, పైన వేయించిన వెల్లుల్లి, సగానికి కోసిన గుడ్డు, పక్కన నిమ్మచెక్క, ఎండుమిరప పొడి. నిమ్మ పిండుకుని ఒక గుటక తాగగానే ఆ పూట తిన్నవన్నీ మర్చిపోయాను. వదిన ఒక్క వంకా పెట్టకుండా తిని, గిన్నె ఎత్తి అడుగున మిగిలిన పులుసు కూడా తాగింది. ఆవిడ బాగా లేనిదాన్ని బాగా లేదని చెప్పకుండా ఉండదు. కాబట్టి వంటలో నెగ్గాడని మాకర్థమైంది. కానీ పేచీ వంటతో కాదు కదా. బయట పది అడుగుల దూరంలో కెరటాలు చప్పుడు చేస్తూనే ఉన్నాయి.

గిన్నెలు తీయడానికి వచ్చినప్పుడు వదిన అతన్ని సూటిగా అడిగింది. “మళ్ళీ సునామీ వొస్తే ఏటి చేస్తావు?”

ఆ ప్రశ్న వెనక ఏముందో మా ఇద్దరికీ తెలుసు. సునామీ నాటి పొద్దున్న భూమి కదిలాక వదిన రెండేళ్ళ పిల్లను చంకనేసుకుని మొగుడితో కలిసి కొండెక్కింది. సగం దారిలో ఆయన, ఇప్పుడే వస్తానుండు అని వెనక్కి తిరిగాడు. కొత్తగా కొన్న టీవీ కోసం. నీళ్ళు లోపలికి రావడం, జెట్టీ విరగడం పైనుంచి కళ్ళారా చూస్తూ గంటన్నర సేపు ఆవిడ అక్కడ నిలబడింది. చివరికి ఆయన నడుం దాకా తడిసి, టీవీ నెత్తిన పెట్టుకుని నవ్వుతూ వచ్చాడు. ఆ టీవీ ఇంకో పదేళ్ళు పనిచేసింది. వదిన దాంట్లో ఒక్క సీరియల్ చూడలేదు. ఆయన మంచివాడే, వదినకు ప్రాణమే, అయినా ఆ గంటన్నరను మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

కుర్రాడు గిన్నెలు కింద పెట్టాడు. “భాగూంగా ఆంటీ. పరిగెడతాను” అన్నాడు.

కాపాడతాను, చూసుకుంటాను లాంటి మాటలేవీ లేవు. హట్‌బేలో తనకప్పుడు ఏడేళ్ళట. సముద్రం వెనక్కి పోతే అందరూ చేపలేరుకోవడానికి దిగుతుంటే, వాళ్ళ అమ్మమ్మ చెవి పట్టుకుని కొండ మీదకి లాక్కుపోయిందట. చెప్పులు కూడా వేసుకోనివ్వలేదట. “కోళ్ళు, గిన్నెలు, సబ్ ఛోడ్ దియా. నేనూ అంతే. ఈ కేఫు, పొయ్యి, ఏదీ చూడను. ఒకసారి ఎక్కినానంటే వెనక్కి రాను.”

“దేనికీ రావా?”

“దేనికీ రాను.”

“ఏ దారమ్మట ఎక్కుతావో చూపించు” అంది వదిన, లేచి నిలబడి.

అతను పొయ్యి కట్టేశాడు. వంటగది వెనక రోడ్డు దాటితే వక్కతోట, తోట చివర కొండ, కొండకు మట్టిలో చెక్కిన మెట్లు. అతనే చెక్కుకున్నాడట. “నిజంగా నీళ్ళొచ్చేస్తున్నట్టే పరిగెత్తు” అని వదిన ఆజ్ఞాపించింది. అతను ఏప్రన్‌తోనే పరుగు లంకించుకున్నాడు. వెనకాల వదిన, చెప్పులు చేత పట్టుకుని. ఆ వెనక మేం. మూడు కేఫుల తిండి కడుపులో, యాభై దాటిన ఒళ్ళు, పైగా నవ్వు. దీదీ టోపీ ఎగిరి వక్కచెట్ల మధ్య పడింది. ఎవరూ దాని కోసం ఆగలేదు.

పదిహేను మెట్లకే దీదీ, నేనూ కూలబడ్డాం. ఇంకాస్త పైన వదిన కూడా కూర్చుండిపోయింది, గుండె మీద చెయ్యి వేసుకుని. కుర్రాడు కనిపించడం లేదు. పైన ఎక్కడో ఆకుల చప్పుడు విన్నాం, తర్వాత అదీ ఆగిపోయింది. మాట నిలబెట్టుకున్నాడు, వెళ్ళిపోయాడు అనుకున్నాను. నాకెందుకో దిగులేసింది.

అంతలో రెండేసి మెట్లు దూకుతూ కిందికి వచ్చాడు. నేరుగా వదిన ముందు ఆగాడు.

“ఎందుకొచ్చావురా? వెనక్కి రానన్నావు కదా!” అని అరిచింది వదిన. అంత కోపం ఆవిడ గొంతులో నేనెప్పుడూ వినలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

“సామాను కోసం రానన్నాను ఆంటీ” అన్నాడు రొప్పుతూ. “మీరు కిందుండిపోయినారు కదా.”

అతను చెయ్యి చాపాడు. ఆవిడ ముక్కు చీదుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“నా పిల్ల నాకన్నా బరువు. లాగగలవా?”

అతను ఉలిక్కిపడి, తల దించుకుని, నవ్వాడు. “లాగుతాను ఆంటీ.”

వదిన ఆ చెయ్యి పట్టుకుని లేచింది. “అయితే పద. చెయ్యి వొదలకు” అంది.